పోలీసు బండికి భయపడే మనిషి పూజకు ఎలా వస్తుంది?

(2025 డిసెంబరులో, డాలస్ దగ్గర తెలుగు కథోలిక కుటుంబాల నెలవారీ పూజ తర్వాత పారిష్ హాల్లో ఒక ఉపదేశి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

ఫాదర్ గారికి నమస్కారం. అన్నయ్యలకి, వదినలకి, పెద్దవాళ్లందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు పక్క గదిలో ఆడుకుంటున్నారు, టెన్షన్ పడకండి, ఇద్దరు అక్కలు వాళ్లతో ఉన్నారు.

నన్ను మాట్లాడమన్న విషయం పెద్దది. లోకల్ పోలీసులు, కౌంటీల్లో పోలీసు పని, జైళ్లు చూసుకునే షెరీఫ్‌లు ఇమ్మిగ్రేషన్ చట్టం అమలు చెయ్యడాన్ని మన శ్రీసభ ఎందుకు వద్దంటోంది? బిషప్పులకి ఈ గొడవలెందుకు? మన ఇళ్లల్లో కూడా ఈ ప్రశ్న వస్తోంది. నాకు తెలుసు, మా ఇంట్లోనే వచ్చింది. నేను లాయర్ని కాదు. ఈ పారిష్‌లో తొమ్మిదేళ్లుగా పిల్లలకి సత్యోపదేశం చెబుతున్నాను. చూసింది చెబుతాను, చదివింది చెబుతాను.

ముందు మా పిన్ని సంగతి.

మాది నరసాపురం దగ్గర. మా వైపు కువైట్‌లో మనిషి లేని వీధి ఉండదు. మా అమ్మ చెల్లెలు ఇంటిపని వీసా మీద వెళ్లింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే, ఉండిపోయింది. ఎనిమిది నెలలు జీతం లేదు. ఒక రాత్రి చెత్త సంచీ పడేసి వస్తానని గేటు దాటి, ఇక వెనక్కి వెళ్లలేదు. ఆ తర్వాత అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, అయిపోయింది. గల్ఫ్‌లో అలాంటివాళ్లని మనవాళ్లు ఏమంటారో మీలో చాలామందికి తెలుసు. ఖల్లివల్లి. మనిషికి అదొక పేరు అయిపోతుంది.

కువైట్ సిటీలో హోలీ ఫ్యామిలీ కథీడ్రల్ ఉంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి జనమంతా శుక్రవారమే పూజకి వెళతారు. పిన్ని కూడా మొదట్లో వెళ్లేది. అకామా పోయాక మానేసింది. ఎందుకు? బస్‌స్టాప్‌లో నిలబడితే పోలీసు వచ్చి సివిల్ ఐడీ అడగొచ్చు. అంతే. గుడి లోపల ఆమెని ఎవరూ ఏమీ అనరు. గుడిదాకా వెళ్లే దారే ఆమెకి మూసుకుపోయింది. పంటి నొప్పి వస్తే లవంగం నొక్కిపెట్టుకుని పడుకుంది, ఆసుపత్రికి వెళ్లలేదు. పనిచేసిన ఇంట్లో డబ్బు ఎగ్గొడితే ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెబుతుంది? చెప్పాల్సింది పోలీసులకే కదా?

2018లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికొచ్చింది. వచ్చిన మొదటి ఆదివారం మా ఊరి గుడిలో చివరి వరసలో కూర్చుంది. అందరూ దివ్యసత్ప్రసాదానికి లేస్తే ఆమె లేవలేదు. తర్వాత అమ్మ అడిగితే, "నాలుగేళ్లయింది ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసి, ఏ ముఖంతో వెళ్లను?" అంది. పోలీసుకి భయపడి గుడి మానేసిన మనిషి, చివరికి తనే తప్పు చేసినట్టు తలొంచుకుని కూర్చుంది. ఆ ముఖం నేను వీడియో కాల్‌లో చూశాను. ఇవాళ మీ ముందు నిలబడి ఇదంతా మాట్లాడుతున్నానంటే, ఆ ముఖమే కారణం.

ఇప్పుడు ఇక్కడికొద్దాం. మన పారిష్‌లో ఒంటిగంటకి స్పానిష్ పూజ ఉంటుంది. పోయినేడాది దాకా ఆ పూజకి గోడల పక్కన నిలబడేవాళ్లు. ఇప్పుడు బెంచీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. మీలో ఎంతమంది గమనించారు? మన పూజ అయ్యేసరికి వాళ్లు వస్తూ ఉంటారు, పార్కింగ్‌లో ఎదురుపడతాం, నవ్వుతాం, వెళ్లిపోతాం. నా క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది: వాళ్లమ్మ సరుకులకి తెల్లవారుజామున ఐదింటికే వెళుతుందట. ఆ టైంలో రోడ్డు మీద పోలీసు బళ్లు తక్కువట. పదకొండేళ్ల పిల్లకి పోలీసు బళ్లు ఏ టైంలో తక్కువో తెలుసు. మన పిల్లలకి తెలుసా? తెలియాల్సిన అవసరం ఉందా?

సరే, చట్టం సంగతి. క్లుప్తంగా చెబుతాను.

ఈ దేశంలో ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ ప్రభుత్వం పని. మన ఊరి పోలీసు పని దొంగతనాలు, యాక్సిడెంట్లు, ఇంట్లో భర్త కొడుతుంటే వచ్చి ఆపడం. ఈ రెండు పనులూ వేరు. వాటిని కలిపే దారి 1996లో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చేసిన చట్టంలో వచ్చింది. 287-జి అంటారు. షెరీఫ్ ఆఫీసు ఐస్‌తో, అంటే ఇమ్మిగ్రేషన్ చట్టం అమలు చేసే ఫెడరల్ విభాగంతో, ఒప్పందం రాసుకుంటే, శిక్షణ పొందిన డెప్యూటీలు ఇమ్మిగ్రేషన్ అధికారుల పని చెయ్యొచ్చు. మొదటి ఒప్పందం 2002లో ఫ్లోరిడాలో. కొన్నిచోట్ల ఇది జైలు లోపలే జరుగుతుంది. కానీ ఇంకో పద్ధతి ఉంది, టాస్క్‌ఫోర్స్ అంటారు. అందులో రోడ్డు మీద తిరిగే పోలీసుకే ఆ అధికారం వస్తుంది. దాన్ని 2012లో ఆపేశారు, 2025లో మళ్లీ తెచ్చారు. 2025 మొదట్లో దేశమంతా కలిపి 135 దాకా ఉన్న ఒప్పందాలు ఏడాది తిరక్కుండానే వెయ్యి దాటాయి. మన టెక్సస్‌లో అయితే, జైళ్లు నడిపే షెరీఫ్‌లు ఈ ఒప్పందం చేసుకుని తీరాలని కొత్త చట్టం వచ్చింది. 2026 జనవరి 1 నుంచి అది అమలు.

ఇక శ్రీసభ సంగతి. బిషప్పులు ఈ మధ్యనే, ఈ ప్రభుత్వం వచ్చాకే మాట్లాడుతున్నారని కొందరు అంటున్నారు. కాదండీ. 2005 డిసెంబరులో కాంగ్రెస్ దిగువసభ హౌస్‌లో ఒక బిల్లు పాసయింది, 4437 నంబరు. పేపర్లు లేకుండా ఈ దేశంలో ఉండటాన్నే పెద్ద నేరం చెయ్యాలని, వాళ్లకి సాయం చేసినవాళ్లని కూడా శిక్షించాలని. 2006లో విభూది బుధవారం నాడు లాస్ ఏంజెలెస్ కార్డినల్ రోజర్ మహోనీ, ఈ బిల్లు చట్టమైతే మా గురువుల్ని, అంటే ఫాదర్లని, దానికి లోబడొద్దని చెబుతానన్నారు. ఒక కార్డినల్, విభూది బుధవారం నాడు, చట్టాన్ని పాటించం అన్నారు! ఆ నెలలోనే లాస్ ఏంజెలెస్ వీధుల్లో లక్షలమంది నడిచారు. బిల్లు సెనెట్ దాటలేదు.

అక్కడితో అయిపోలేదు. వాషింగ్టన్‌లో పాసవ్వనిది రాష్ట్రాల్లో మొదలైంది. 2010లో అరిజోనా. పోలీసు ఆపినవాళ్ల మీద అనుమానం వస్తే పేపర్లు అడగాలన్న చట్టం. అమెరికా బిషప్పుల సమాఖ్య సుప్రీంకోర్టులో తన వాదన దాఖలు చేసింది. 2012లో కోర్టు ఆ చట్టంలో చాలాభాగం కొట్టేసింది, పేపర్లు అడిగే భాగాన్ని మాత్రం ఉంచింది.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది అలబామా గురించి. ఎందుకంటే మన ప్రశ్నకి జవాబు అక్కడుంది.

2011 జూన్‌లో అలబామాలో హెచ్‌బీ 56 అనే చట్టం వచ్చింది. అరిజోనా కన్నా గట్టిది. పేపర్లు లేని మనిషికి ఆశ్రయం ఇచ్చినా, తెలిసి కారెక్కించుకున్నా నేరం. బడులు పిల్లల ఇమ్మిగ్రేషన్ వివరాలు రాసుకోవాలి. అలబామాలో కథోలికులు చాలా తక్కువ, బాప్టిస్టులే ఎక్కువ. అయినా ఆగస్టు 1న మొబీల్ అగ్రపీఠాధిపతి థామస్ రోడీ, బర్మింగ్‌హామ్ బిషప్ రాబర్ట్ బేకర్ కోర్టుకెళ్లారు. ఒంటరిగా కాదు, ఎపిస్కోపల్ బిషప్, మెథడిస్టు బిషప్ కూడా వాళ్లతో కలిశారు. తమ సొంత రాష్ట్రం మీదే కేసు వేశారు.

రోడీ గారు తన మేత్రాసనానికి ఉత్తరం రాశారు. దాని సారాంశం చెబుతాను, వినండి. ఈ చట్టం ప్రకారం, పేపర్లు లేని మనిషికి ఒక గురువు జ్ఞానస్నానం ఇస్తే నేరం కావచ్చు. పాపసంకీర్తనం వింటే నేరం కావచ్చు. రోగికి అభ్యంగనం చేస్తే నేరం కావచ్చు. పూజకి రమ్మని పిలిస్తే, కారెక్కించుకుని పూజకి తీసుకొస్తే నేరం కావచ్చు.

కారెక్కించుకుని పూజకి తీసుకురావడం! ఇవాళ ఈ హాల్లో ఎంతమంది వేరేవాళ్ల కార్లో వచ్చారు? అమ్మమ్మల్ని, తాతయ్యల్ని, కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌ని ఎంతమంది ఎక్కించుకొచ్చారు? చెయ్యెత్తండి. చూశారా, సగంమంది. ఎక్కించుకునే ముందు ఎవరైనా వీసా అడిగారా?

కోర్టులో ఏమైందో కూడా చెప్పాలి, సగం చెబితే తప్పవుతుంది. సెప్టెంబరు 28న ఫెడరల్ జడ్జి ఆ ఆశ్రయం, రవాణా సెక్షన్లని ఆపేశారు. మిగతా చాలా సెక్షన్లని ఆపలేదు. అవి అమల్లోకి రాగానే బడుల్లో పిల్లలు తగ్గిపోయారు. తర్వాతి సోమవారం రాష్ట్రంలో రెండువేలమందికి పైగా హిస్పానిక్ పిల్లలు బడికి రాలేదు. ఆ పిల్లల్లో చాలామంది ఈ దేశంలో పుట్టినవాళ్లే. అంటే చట్టం పెద్దవాళ్ల మీద, భయం పిల్లల మీద. 2013కి వచ్చేసరికి కోర్టుల్లో దెబ్బలు తిని, రాష్ట్రమే రాజీకొచ్చి ఆ చట్టంలో ముఖ్యమైనవి వదిలేసుకుంది.

ఇక మన టెక్సస్. 2017లో ఎస్‌బీ 4 అనే చట్టం వచ్చింది. ఐస్ అడిగితే జైల్లో మనిషిని ఆపి ఉంచాలి, ఆపని షెరీఫ్ పదవి పోవచ్చు, పోలీసులు ఆపినవాళ్లని ఇమ్మిగ్రేషన్ సంగతి అడగొచ్చు. అప్పటి ఆస్టిన్ బిషప్ జో వాస్కెజ్ రాష్ట్ర సెనెట్ కమిటీ ముందుకెళ్లి వద్దని సాక్ష్యం చెప్పారు. అయినా పాసయింది. మే 7న, ఒక ఆదివారం, గవర్నర్ ఫేస్‌బుక్ లైవ్‌లో సంతకం పెట్టారు. నాకు ఆ ఆదివారం గుర్తుంది. మా పారిష్‌లో పిల్లల మొదటి సత్ప్రసాదం జరిగిన రోజుల్లో అది.

ఇప్పుడు మీ మనసులో ఉన్న మాట నేనే అడుగుతాను. "చట్టం చట్టమే కదా? మేం ఏళ్లతరబడి లైన్లో నిలబడి, ఫీజులు కట్టి, వీసా స్టాంపింగ్‌కి చెన్నై, హైదరాబాద్ తిరిగి వచ్చాం. వాళ్లకెందుకు మినహాయింపు?"

న్యాయమైన ప్రశ్న. శ్రీసభ దీన్ని తోసిపుచ్చలేదు. సత్యోపదేశ గ్రంథంలో 2241వ పేరా తీసి చూడండి. సంపన్న దేశాలు తమకి వీలైనంతవరకు పరదేశుల్ని చేర్చుకోవాలని ఉంది. ప్రభుత్వాలు దానికి షరతులు పెట్టొచ్చని ఉంది. వచ్చినవాళ్లు ఆ దేశ చట్టాల్ని గౌరవించాలనీ ఉంది. మూడూ ఒకే పేరాలో ఉన్నాయి. 2003లో అమెరికా, మెక్సికో బిషప్పులు కలిసి రాసిన లేఖలో కూడా, దేశాలకి తమ సరిహద్దుల్ని కాపాడుకునే హక్కుందని స్పష్టంగా ఉంది. మొన్న నవంబరులో పోపు లియో గారు కూడా, సరిహద్దులు తెరిచి వదిలెయ్యాలని ఎవరూ అనలేదని, ఎవరు ఎలా రావాలో తేల్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని అన్నారు. అలాగని, ఇక్కడ ఏళ్లుగా మంచిగా బతుకుతున్నవాళ్లని చూసే తీరు ఇది కాదనీ అన్నారు.

కాబట్టి బిషప్పులు చట్టం వద్దు అనడం లేదు. ఆ చట్టాన్ని మన వీధిలో తిరిగే పోలీసు చేతిలో పెట్టొద్దు అంటున్నారు. తేడా ఏమిటి? నా స్నేహితుడొకరు, మంచి కథోలికుడు, నాతో వాదించాడు: "జైలుకి వచ్చినవాళ్లనే కదా అడిగేది? నేరం చెయ్యనివాడికి భయమేంటి?" అన్నాడు. నాకూ మొదట సబబుగానే అనిపించింది. కానీ జైలుకి ఎవరు వస్తారో చూడండి.

2008 జూలై, టెనెస్సీలో నాష్‌విల్. అక్కడి షెరీఫ్ ఆఫీసు అంతకుముందు ఏడాదే 287-జి ఒప్పందం చేసుకుంది. తొమ్మిదో నెల గర్భిణి ఒకామె, క్లినిక్‌లో చూపించుకుని, పిల్లలతో కారులో ఇంటికి వెళుతోంది. చిన్న ట్రాఫిక్ తప్పుకి ఆపారు. లైసెన్స్ లేదు. మామూలుగా అయితే చీటీ రాసి పంపిస్తారు. ఆమెని జైలుకి తీసుకెళ్లారు, ఇమ్మిగ్రేషన్ చెక్ జరిగింది, అక్కడే ఉంచేశారు. జైల్లోనే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి మంచానికి సంకెళ్లు వేసి కట్టారు. బిడ్డ పుట్టాక తల్లిని మళ్లీ జైలుకి తీసుకెళ్లేటప్పుడు, పాలు పిండుకునే పంప్ కూడా వెంట తీసుకెళ్లనివ్వలేదు. ఇక్కడున్న అమ్మలకి ఆ నొప్పి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఆమె చేసింది లైసెన్స్ లేకుండా బండి నడపడం. టెక్సస్‌లో పేపర్లు లేనివాళ్లకి లైసెన్స్ ఇవ్వరు. బస్సులు లేని ఈ ఊళ్లలో పనికి, బడికి, గుడికి బండి నడపకుండా ఎలా వెళతారు? అంటే వాళ్లకి రోజూ ఇంటి గేటు దాటడమే జైలుకి దారి. అందుకే తెల్లవారుజామున ఐదింటికి సరుకులు. అందుకే ఖాళీ బెంచీలు.

ఇంకొకటి. ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషి 911కి ఫోన్ చెయ్యాలంటే, వచ్చే పోలీసు తన భర్తని తీసుకెళతాడా, తననే తీసుకెళతాడా అని ఆలోచించుకోవాల్సి వస్తే? ఆమె ఫోన్ చెయ్యదు. దొంగతనం చూసినవాడు సాక్ష్యం చెప్పడు. నష్టం వాళ్లకే కాదు, ఆ వీధిలో ఉన్న అందరికీ. చాలామంది పోలీసు అధికారులు కూడా ఏళ్లుగా ఇదే చెబుతున్నారు.

మనమేమో పేపర్లున్నవాళ్లం, మనకేం అనుకుంటాం. ఒక్క నిమిషం ఆలోచించండి. హెచ్1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే ఎన్ని రోజులు? అరవై. పేపర్లున్న మనిషికి, లేని మనిషికి మధ్య దూరం మన ఇళ్లల్లో అరవై రోజులు. మన పిల్లలకి ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే? ఆ భయం ఈ హాల్లో ఎన్ని ఇళ్లల్లో ఉందో నాకు తెలుసు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ఏం జరిగింది? ఆ నకిలీ యూనివర్సిటీని వల పన్నడానికి ఇమ్మిగ్రేషన్ అధికారులే సృష్టించారు. దొరికినవాళ్లలో దాదాపు అందరూ భారతీయులు, ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. తప్పు చేశారా లేదా అన్నది పక్కన పెడదాం. వాళ్ల అమ్మానాన్నలు ఆ రాత్రి ఎలా పడుకున్నారు?

మీలో ఎంతమంది పర్సులో ఐ-94, అంటే ఈ దేశంలోకి సరిగ్గా వచ్చామని చూపే రికార్డు, కాపీ పెట్టుకుని తిరుగుతున్నారు? ఈ ఏడాదే పెట్టుకోవడం మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది? ...చాలు, దించండి. నేనూ పెట్టుకున్నాను. ఆ కాగితం పర్సులో పెట్టుకున్నప్పుడు మనకి కలిగిందే, మా పిన్నికి బస్‌స్టాప్‌లో కలిగింది. ఆమెది ఎక్కువ, మనది తక్కువ. అంతే తేడా.

ఈ ఏడాది ఏం జరిగిందో త్వరగా చెప్పి ముగిస్తాను, కాఫీ చల్లారిపోతోంది. గుళ్లు, బడులు, ఆసుపత్రుల్లో అరెస్టులు మామూలుగా చెయ్యకూడదన్న పాత నియమాన్ని జనవరిలో తీసేశారు. ఫిబ్రవరి 10న పోపు ఫ్రాన్సిస్ గారు అమెరికా బిషప్పులకి ఉత్తరం రాశారు, మంచి సమరయుడి కథ గుర్తుచేశారు. జూలైలో కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో బిషప్ అల్బెర్టో రోహాస్, ఇమ్మిగ్రేషన్ అధికారుల భయంతో ఆదివారం పూజకి రాలేనివాళ్లకి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. అక్కడ జరిగినవి ఫెడరల్ అధికారుల దాడులు, లోకల్ పోలీసులవి కావు, ఆ తేడా గుర్తుంచుకోండి. కానీ భయానికి యూనిఫాం తేడా తెలియదు కదా. ఒక బిషప్ తన మందతో పూజకి రాకపోయినా పాపం కాదు అని చెప్పాల్సి రావడం! అది చదివి నేను మా పిన్నికి ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు అప్పుడు ఎవరైనా ఆ మాట చెప్పుంటే బావుండేది" అంది.

నవంబరు 12న బాల్టిమోర్‌లో బిషప్పులందరూ కలిసి ప్రత్యేక సందేశం ఇచ్చారు. మంచీచెడూ చూడకుండా మూకుమ్మడిగా పంపించెయ్యడాన్ని వ్యతిరేకిస్తున్నామన్నారు. అనుకూలంగా 216 ఓట్లు, వ్యతిరేకంగా 5. అలాంటి ప్రత్యేక సందేశం ఇవ్వడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. ఇంకా ముందే ఇచ్చి ఉండాల్సిందని నా బాధ. అయినా ఇచ్చారు.

ఇప్పుడు మనం క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలంలో ఉన్నాం. పశువుల పాక కడుతున్నాం. ఆ పాకలోంచి బాలయేసు కుటుంబం ఎక్కడికి పారిపోయింది? ఈజిప్టుకి. వెంట ఏ రాజు ఇచ్చిన కాగితముంది? 1952లోనే పన్నెండో పయస్ పోపు గారు, వలసపోయే ప్రతి కుటుంబానికీ ఆ తిరు కుటుంబమే ఆదర్శమని రాశారు.

మీ అందరినీ ఒకటే అడుగుతాను. కాఫీ టేబుల్ పక్కన ఒక కాగితం పెట్టాం. స్పానిష్ పూజకి వచ్చే కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రులు బండి తీయడానికి భయపడుతున్నారు. వాళ్లని, పిల్లల్ని పూజకి, బుధవారం సత్యోపదేశం క్లాసుకి తీసుకొచ్చి దింపాలి. లైసెన్స్, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కావాలి. ఎటు వైపు ఉంటారో, ఏ వారం కుదురుతుందో రాయండి. వాళ్ల పేర్లు, అడ్రసులు ఆ కాగితం మీద ఉండవు, అవి నా దగ్గరే ఉంటాయి. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు, పిల్లలు ఇంగ్లీషు మాట్లాడతారు. నేను మొదటి ఆదివారం తీసుకున్నాను. మిగతా మూడూ ఖాళీగా ఉన్నాయి.